గ్రౌండ్ లైన్ కింద

మొదటే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఎవరి కొత్తింటికి పోయినా నేను ముందు పైకప్పు చూడను, కిటికీలు చూడను. ఎవరూ గమనించని సమయం చూసుకుని వంగి, ఒక అగ్గిపుల్ల గీసి నేలకు ఆనించి పట్టుకుంటాను. అది నిలకడగా కాలితే లేచి, చేతులు దులుపుకుని, "గాలి బాగా ఆడుతోందండీ" అంటాను. ఒకసారి ఒక ఇంటావిడ చూసేసి, నాకేదో మొక్కుందనుకుని కొబ్బరికాయ తెచ్చి చేతిలో పెట్టింది. తీసుకున్నాను, ఏం చేస్తాను? అయిదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని. దయ్యాలు లేవని హాస్టల్లో వాదించి గెలిచినదాన్ని. అయినా సంచిలో అగ్గిపెట్టె లేకుండా గడప దాటను.

ఇది ఎనభై నాలుగు ఎండాకాలంలో పట్టుకున్న జబ్బు.

అప్పుడు నేను హైదరాబాదులో నాలుగో ఏడు. ఆరు నెలలు ఏదైనా ఆఫీసులో పనిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. తోటివాళ్ళు బొంబాయి, అహమదాబాదు అని పెట్టెలు సర్దుకున్నారు. మా నాయన లక్ష్మీనారాయణ మాత్రం, "నంద్యాల ఏం పాపం చేసింది?" అన్నాడు. ఆళ్ళగడ్డలో పొద్దున బస్సెక్కితే నంద్యాల, సాయంత్రం బస్సెక్కితే ఇల్లు. అలా నా శిక్షణ నంద్యాల బస్టాండు ఎదురుగా, సైకిల్ షాపు మీది గదిలో మొదలైంది.

ఆ గది రాజరత్నంగారిది. ఒకప్పుడు ఆయన స్థలంలో తాడు పట్టి, ముగ్గు పోసి, "ఇది గది, ఇది వాకిలి" అని కాలితో గీసి చూపించేవారట. ఇల్లు లేచేది. ఇప్పుడు బ్యాంకు లోను ఇవ్వాలంటే ప్లాన్ అడుగుతోంది, మునిసిపాలిటీ నీలం ప్రింటు అడుగుతోంది. కాబట్టి ఆయన ఒక డ్రాయింగ్ బోర్డు కొన్నారు, ప్రింట్లు తీసే అమ్మోనియా పెట్టె కొన్నారు, జీతం లేని నన్ను పెట్టుకున్నారు.

"కాలేజీలో ఏం నేర్పిచ్చినారు నాగేశ్వరమ్మా?" అని అడిగారు మొదటిరోజు.

"స్పేసు, లైటు, క్లైమేటు సార్."

"క్లైమేటు అంటే ఎండే గదా. అది నంద్యాలలో ఎవరూ నేర్పియ్యాల్సిన పన్లేదు. సెప్టిక్ ట్యాంకు గీస్తావా?"

"రాదు సార్."

"మరి నాలుగేండ్లు ఏం చేస్తాండిరి?"

ఆ నెలంతా సెప్టిక్ ట్యాంకులే గీశాను.

ఉగాది దాటగానే నాయన తెల్ల పంచె కట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. కూతురిని చూడ్డానికి కాదు, ఇల్లు కట్టించుకునే పార్టీగా. మా అక్క ఉమామహేశ్వరమ్మకు తొలిచూలు. జ్యేష్ఠంలో కాన్పు. "మన్ను రాలే మిద్దె కింద నా మనవడు పుట్టగూడదప్పా. ముందర గది పడగొట్టి స్లాబు వేద్దాం" అన్నాడు రాజరత్నంగారితో. అంతటితో ఆగలేదు. నంద్యాలలో ఒక పత్తి మిల్లు ఆసామి ఇంట్లో ఏదో చూసి వచ్చాడు. "హాలు లోతుగా ఉంటాది. మెట్లు దిగి కూకుంటారు. దర్జాగా ఉండాది. మాకు అట్లాంటిదే కావాల."

"సంకెన్ హాల్" అన్నాను నేను, నాకు తెలిసిన మాట వినపడినందుకు సంతోషపడి.

"సంకనో, గుంతనో. నువ్వే గియ్యి పాపా."

గీశాను. నేలను తవ్వుకుని కిందికి పోతే చల్లగా ఉంటుందని క్లాసులో చెప్పారు కాబట్టి పాఠం ప్రకారం కూడా సరిపోయింది. ఇంటిని నిలువునా కోసినట్టు చూపించే బొమ్మను మేం సెక్షన్ అంటాం. అందులో నేలకు ఒక లావు గీత ఉంటుంది, గ్రౌండ్ లైన్. దాని కింద ఏటవాలుగా నాలుగు గీతలు గీకి వదిలేస్తాం. నేల అని అర్థం. అక్కడ ఏముందో ఏ మాస్టారూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

*

పాత ముందరి గది పడగొట్టిన రోజు ఎర్ర దుమ్ము వీధి చివర దాకా పోయింది. చౌడుమన్ను, దంతెలు, దూలాలు ఒక్కటొక్కటిగా దిగాయి. వెలుతురు కోసం కప్పులో పెట్టిన గవాక్షి ఊడి వచ్చినప్పుడు, దాని చుట్టూ ఏండ్ల నాటి మసి గుండ్రంగా ఉంది. గోడకున్న తాత ఫోటోను అమ్మ కొంగుతో తుడిచి వెనక గదిలోకి తీసుకుపోయింది.

తాత ఫోటోకు మా ఊళ్ళో ఇప్పటికీ దండం పెట్టేవాళ్ళున్నారు. డెబ్బై రెండు కరువులో ఆయన ఊరి దిబ్బ మీదున్న తన పాతర తెరిచి జొన్నలు పంచాడు. పాతరంటే నేలలో బానలాగా లోతుగా తవ్వి, వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి మన్ను కప్పేసే గుంత. "మీ తాత పెట్టిన జొన్నరొట్టె తిని బతికినాం పాపా" అని బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చెప్పేవారు. నాకు సీటు కూడా ఇచ్చేవారు. మరుసటేడు ఆయన పొలంలో కూలిపోయి పోయాడు. నాకు ఆయన తువ్వాలు గుర్తు, దగ్గు గుర్తు, అంతే.

తవ్వకం రోజు మా జేజి, నాయన తల్లి రామలక్ష్మమ్మ, నులక మంచం వేయించుకుని వసారాలో కూర్చుంది. ఏసమ్మ మన్ను తట్టలు మోస్తోంది. ఏసమ్మ మా ఇంటి మనిషి కిందే లెక్క. నేను పుట్టకముందు నుంచి కళ్ళం పని, పేడనీళ్ళ పని, ఇంటి పని అన్నీ చేసేది. నోరు మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

"ఇంటి మీద ఇల్లు కట్టుకునేటోళ్ళను చూసినా గానీ, ఇంట్లో గుంత తవ్వుకునేటోళ్ళను మిమ్మల్నే చూసినా రెడ్డీ" అంది నాయనతో.

"ఇది స్టైలు ఏసమ్మా. నీకు తెలీదు."

"నాకేం తెలుసు. ఎనుము పొర్లాడేది గూడ ఇట్లే ఉంటాది."

తవ్వుతున్నవాడి గడ్డపార ఠంగుమంది. మన్ను తీసి చూస్తే నున్నటి బండ.

"నాపరాయి" అన్నాడు వాడు.

అంతే, అందరి మొహాలూ వెలిగాయి. మా వైపు నేలంతా నాపరాయి పొరలే. ఎక్కడ తవ్వినా పలకలు పలకలుగా తగులుతుంది. బావి తవ్వితే తిట్టుకుంటాం, పునాది తవ్వితే పండగ చేసుకుంటాం. చేత్తో చెక్కిన బండకూ భూమిలో పుట్టిన బండకూ తేడా చూడాలన్న ఆలోచన ఒక్కరికి రాలేదు. రాజరత్నంగారు దిగి, మడమతో తన్ని చూశారు. "దేవుడే పునాదికి బెడ్డు వేసి పెట్టినాడు. సిమెంటు మిగిలె" అన్నారు.

వసారాలోంచి జేజి గొంతు వచ్చింది. "చాలు. ఇంక దాన్ని కదిలియ్యద్దండి."

"కదిలిచ్చేదేముందమ్మా. దాని మీదనే వేస్తాం."

జేజి ఆ పూట అన్నం వద్దంది. ఎండ దెబ్బ అనుకున్నాం.

*

స్లాబు పడింది. దాని మీద మట్టితో గట్లు కట్టి నీళ్ళు నింపారు. పాత మిద్దెకు నీళ్ళంటే శత్రువు, కాంక్రీటుకు నీళ్ళు తాగితేనే బలం. తర్వాత హాలు నేల వేశారు, దానికీ నీళ్ళు కట్టాలి. ఏసమ్మ బావి నుంచి బిందెలు తెచ్చి గుంత హాల్లో పోసింది. సాయంత్రానికి కింది మెట్టు మునిగేంత నీళ్ళు. పొద్దునకు నేల తడిగా ఉంది, నీళ్ళు లేవు.

"ఎండలకు ఆవిరైనాయి" అన్నాడు నాయన.

మళ్ళీ పోసింది. మళ్ళీ లేవు. పోసిన కొద్దీ పోయాయి.

"తాగుబోతు నేలమ్మా ఇది" అంది ఏసమ్మ. నవ్వుతూనే అంది. మూడోనాడు మాత్రం నవ్వలేదు. నన్ను పిలిచి, మూలకు తీసుకుపోయి, చెవి నేలకు ఆనించమంది. "విను."

ఆనించాను. కింద ఎక్కడో, చాలా నింపాదిగా, ఎవరో గుక్క మింగినట్టు. ఆగింది. మళ్ళీ ఒక గుక్క.

"ఆకలైన కడుపు ఇట్లే అంటాది" అంది ఏసమ్మ.

నంద్యాలలో చెప్తే రాజరత్నంగారు కొట్టిపారేశారు. "కొత్త సిమెంటు పాపా. తాగుతాది, గుర్రుమంటాది. వయసులో ఉన్నది గదా."

వైశాఖంలో మంచిరోజు చూసి పాలు పొంగించారు. అమ్మ దీపపు కుందిలో నూనె పోసి, వత్తి వెలిగించి, మెట్లు దిగి హాలు మధ్యన పెట్టింది. దీపం నీలంగా చిన్నదై, తల వంచుకున్నట్టు వంగి, ఆరిపోయింది. తలుపులు వేసే ఉన్నాయి. గాలి లేదు. మళ్ళీ వెలిగించి పెట్టింది. మళ్ళీ అలాగే. ఎవరో వంగి మెల్లగా ఊదినట్టు కూడా కాదు, అసలు ఊపిరే లేనట్టు.

"వత్తి తడిసింటాది" అన్నాడు నాయన. గొంతు పెద్దది చేసి అన్నాడు.

అమ్మ దాన్ని తీసుకుని గోడ గూట్లో పెట్టింది. అక్కడ దివ్యంగా వెలిగింది. చుట్టాలు పాయసం తిని, హాలు బాగుందని చెప్పి, ఒక్కరూ మెట్లు దిగకుండా వెళ్ళిపోయారు.

ఆ హాలు చల్లగా ఉండేది. బయట కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండలో కూడా మెట్లు దిగుతుంటే కాళ్ళకు చల్లదనం తగిలేది. దానితో పాటే ఒక వాసన, పులిసిన గంజి లాంటిది. అది కూడా కాళ్ళ దగ్గరే. నిలబడితే లేదు, కింద పడిన గాజు తియ్యడానికి వంగితే ఉంది. మా తెల్లపిల్లి ఆ చల్లదనానికి ఒకరోజు పోయి పడుకుంది. ఏసమ్మ ఊడ్చడానికి వెళ్ళి తోక పట్టి ఎత్తి తెచ్చింది. దెబ్బ లేదు, నురుగు లేదు. నిద్రపోతున్నట్టే ఉంది.

మరునాడు మధ్యాహ్నం నాయన అక్కడ మంచం వేసుకుని పడుకున్నాడు. ఎవరికీ భయం లేదని చూపించడానికేనని నా అనుమానం. కాసేపటికి మెట్ల మీద పడుతూ లేస్తూ వచ్చాడు. మొహం పాలిపోయింది. తల రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా నాయన వచ్చినాడు" అన్నాడు.

అమ్మ చేతిలో చేట ఆగింది. "యాడికి?"

"ఆడనే. ఆ మూల తువ్వాల పరుచుకుని కూకోనుండాడు. లే నాయనా అంటే లేస్తాలేడు. నా తట్టు చూస్తాలేడు. కింద ఏదో ఉన్నట్ల, ఎవరన్నా తీసుకుంటారేమోనన్నట్ల, గట్టిగా కూకోనుండాడు."

జేజి వసారాలో తమలపాకు ఈనె తీస్తోంది. చేయి ఆగలేదు. ఆకు మాత్రం రెండుగా చిరిగింది.

*

నేను చదువుకున్నదాన్ని కదా. ఇంట్లో ఎవరూ చూడటం లేదనుకుని అగ్గిపెట్టె తీసుకుని మెట్ల దగ్గర కూర్చున్నాను. పై మెట్టు మీద పుల్ల చివరిదాకా కాలింది. రెండో మెట్టు మీద కాలింది. కింది మెట్టు మీద గిలగిలలాడింది. నేలకు తాకించగానే పోయింది. ఇంకోటి గీశాను, పోయింది. అప్పుడు నాకు దయ్యం భయం పూర్తిగా పోయి, అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఇక్కడ కంటికి కనిపించని నీళ్ళేవో నిలబడి ఉన్నాయి. మంచమెత్తు కన్నా కాస్త తక్కువలో. మంచం మీద పడుకున్నవాడికి తలనొప్పి. నేల మీద పడుకున్న పిల్లికి చావు.

మర్నాడు అక్క వస్తోంది. అమ్మ అప్పటికే చెప్పేసింది. పురిటి మంచం హాల్లోనే, పసిబిడ్డకు నేల మీద చాప వేస్తే చల్లగా ఉంటుందని.

నాయనకు చెప్తే, "నీ సైన్సు నీ కాలేజీలో పెట్టుకో. ఊర్లో ఏందేందో అనుకుంటాండారు, దానికి నువ్వొకతెవి తోడు" అని కసిరాడు. పొద్దున్నే నంద్యాల పరుగెత్తాను. రాజరత్నంగారు ఈసారి నవ్వలేదు. గ్లాసులో టీ చల్లారిపోయేదాకా ఆలోచించారు.

"సెప్టిక్ ట్యాంకు గ్యాసు అట్ల ఉంటాది. కానీ మనం ఆడ ట్యాంకు గియ్యలేదే?"

"లేదు సార్. గ్రౌండ్ లైన్ కింద ఏమీ గియ్యలేదు."

"మనం గియ్యలేదు. మనకన్నా ముందు ఎవరన్నా గీసింటే?" అన్నారాయన. తర్వాత తన మాటకు తనే కంగారు పడి, "పో పాపా, బేగా పో. పిల్లను దిగనియ్యద్దు" అన్నారు.

బస్సు ఆ రోజు ప్రతి చింతచెట్టు కిందా ఆగింది. నేను ఇల్లు చేరేసరికి నడి మధ్యాహ్నం. తలుపులన్నీ ఎండకు మూసేసి ఉన్నాయి. వాకిట్లో అక్క చెప్పులు, ట్రంకు పెట్టె. తలుపు తోసుకుని పరుగెత్తాను.

లోపల అక్క చంకలో చాప, దిండు పెట్టుకుని హాలు మెట్ల దగ్గర నిలబడి ఉంది. పై మెట్టు మీద జేజి అడ్డంగా కూర్చుని ఉంది.

"జేజీ, లేయే. నడుము విరిగిపోతాంది. పడుకోవాల."

"నా మీద కాలు పెట్టి దాటుకోని పో."

"చూడు పాపా!" అక్క నన్ను చూసి ఏడుపు మొహం పెట్టింది. "వచ్చినప్పటి నుంచి ఇదే. దిగద్దంటాది. ఎందుకంటే చెప్పదు."

నాయన వెనక గది నుంచి వచ్చాడు. "అమ్మా, ఏందిది? పిల్ల అలిసిపోయింటే..."

జేజి నా వైపు చూసింది. "నిన్న నువ్వు ఈడ పుల్లలు గీస్తాంటే చూసినా. ఆరిపోయె గదా?"

"ఆరిపోయింది జేజీ."

"దీపం ఆరితే మనిషి దిగగూడదు. పాతర తెరిచినప్పుడల్లా మీ తాత ముందు దీపమే దించేటోడు." ఆమె మాట్లాడుతున్న తీరు పొద్దున పాలవాడితో మాట్లాడినట్టే ఉంది. "ఏసూ, యాడుండావు? ఇట్ల రా. నువ్వు గూడ వినాల."

ఏసమ్మ పెరట్లోంచి చీపురుతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"దిబ్బ మీది పాతర ఊరికి పంచినాడు ఆయన. అందరికీ తెలుసు. ఈడ ఇంకొకటి ఉన్నింది. ఇంట్లో. నాకూ ఆయనకూ తప్ప నరమానవునికి తెలీదు. ఆ మూల ఆయన తువ్వాల పరుచుకోని కూకోనేటోడు జూడు, దాని మూతి ఆడనే. నిండా జొన్నలు."

బయట వీధిలో ఐసు బండివాడు డబ్బా మీద కొట్టుకుంటూ పోయాడు.

"ఇంకో ఏడు గూడ వాన రాకపోతే ఈ పిల్లలను ఏం పెట్టి సాకాల అన్నాడు." జేజి చేయి ఎత్తి నన్నూ అక్కనూ చూపించింది. "మూసి పెట్టినాడు. మర్సటేడు వానలొచ్చె. తెరిస్తే ఊరు అడుగుతాది, యాడివని. అట్లే పెట్టె. ఆయన పోయె. నేను చెప్పలేకపోయినా. ఇప్పుడు మీరు నీళ్ళు పోస్తిరి. అయ్యి నాని, కుళ్ళి, కింద ఉడుకుతాండాయి."

ఏసమ్మ చీపురు గోడకు ఆనించింది. "పెద్దమ్మా. దిబ్బ పాతర అయిపోయినాక నేను చిన్నోన్ని ఎత్తుకోని వచ్చిన పొద్దు, అయ్యి ఉన్యాయా?"

"ఉన్యాయి."

"అయ్య జొన్నలు లేవన్నాడే."

"లేవన్నాడు. నేను తలుపెనక నిలబడి ఉంటి."

ఏసమ్మ కాసేపు హాలు మూల వైపు చూసింది. "ఆ పొద్దు వాన్ని ఒళ్ళో పండుకోబెట్టుకోని ఈ గదిలోనే కూకుంటి. నడిచే సత్తువ ల్యాక. పొద్దుగూకేదాకా ఆ జొన్నల మీదనే కూకోనుంటి" అంది. అరవలేదు, ఏడవలేదు. చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఊడ్చిన చప్పుడు వినిపించింది.

ఏసమ్మ కొడుకు ఆ కరువులో పోయాడని నాకు తెలుసు. ఏదో జ్వరమని విన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికీ అంతే.

నాయన గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు. "పాపా, దాన్నట్లే ఉంచి, పైన గట్టిగా ఇంకో పొర సిమెంటు పోస్తే సరిపోతాదా? నువ్వు చదువుకున్నదానివి. చెప్పు."

ఊరు, తాత ఫోటో, బస్సులో నాకిచ్చిన సీటు, అన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి.

"సరిపోదు నాయనా" అన్నాను.

నిజానికి సరిపోతుందేమో. నాకు తెలియదు. ఏ క్లాసులోనూ చెప్పలేదు. నా వృత్తిలో నేను ఇచ్చిన మొదటి సలహా అది.

*

తలుపులు, కిటికీలు తెరిచిపెట్టి, నేల పగలగొట్టి, బండ తప్పించారు. లోపలి నుంచి వేడి ఆవిరి లేచింది. వాసన వీధి చివర దాకా, అక్కడి నుంచి సంత దాకా పోయింది. ఇక చెప్పాల్సిన పని లేకపోయింది. జనం వచ్చి వాకిట్లో నిలబడి చూసి, ఏమీ అనకుండా పోయారు. తిడితే బాగుండేది. తర్వాత బస్సులో నన్ను చూసి ఎవరూ జరగలేదు.

దీపం దించిన ప్రతిసారీ ఆరిపోయేది. ఆరకుండా నిలబడ్డాక గానీ ఎవరూ దిగలేదు. జొన్నలు నల్లగా, ముద్దలు ముద్దలుగా, తారులాగా వచ్చాయి. తట్టలు మోసిన కూలీలలో ఏసమ్మ కూడా ఉంది. వద్దని నాయన బతిమాలాడు. "పనికి పిలిస్తిరి, వచ్చినా" అంది.

అక్క కాన్పు వెనక ఎద్దుల కొట్టంలో, మన్ను మిద్దె కింద జరిగింది. ఆడపిల్ల. కప్పు నుంచి మన్ను రాలి దాని నుదుటి మీద పడింది. నాయనే తుడిచాడు. అదే వారం వానలు మొదలయ్యాయి. పాతర గుంతను ఇసుకతో నింపి, మెట్లు తీసేసి, నేల ఎత్తు చేసి, గోడల అడుగున గాలి రంధ్రాలు పెట్టించాను. ఇప్పుడు అక్కడ ఏ పుల్లైనా చివరిదాకా కాలుతుంది. అయినా మా ఇంట్లో ఎవరూ ఆ గదిలో కంచం పెట్టుకుని కూర్చోరు. నాయన చూసిన మూల గురించి నేను ఒక వివరణ తయారు చేసుకున్నాను. ఆ గాలి పీల్చినవాడికి తల తిరుగుతుంది, చిన్నప్పుడు తండ్రి ఎక్కడ కూర్చునేవాడో మనసుకు గుర్తుంటుంది. మంచి వివరణ. కాకపోతే లేవకుండా గట్టిగా కూర్చున్నాడని ఎందుకు చెప్పాడో దానిలో ఇమడదు.

కాలేజీ తెరిచాక ట్రైనింగు మీద జ్యూరీ, అంటే గోడకు బొమ్మలంటించి జవాబు చెప్పే పరీక్ష, పెట్టారు. నేను మా ఇంటి సెక్షన్ గోడకు అంటించాను. గ్రౌండ్ లైన్ పైన బొమ్మ జానెడు, కింద మూరెడు. పాతర, గడ్డి, జొన్నలు, నీళ్ళు దిగిన దారి, గ్యాసు నిలిచిన ఎత్తు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"దిస్ ఈజ్ నాట్ ఆర్కిటెక్చర్, ఇదేదో మైనింగ్ డ్రాయింగ్" అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా.

మా మాస్టారు మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి, ఆ కింది భాగాన్ని చాలాసేపు చూసి, "ఇది నీకెవరు చెప్పారు?" అని అడిగారు.

"మా జేజి సార్."

"ముందే అడిగావా?"

"లేదు సార్. అడగాలని తెలియదు."

మరుసటేడు నుంచి మూడో ఏడు పిల్లలను స్థలం కొలవడానికి పంపేటప్పుడు టేపుతో పాటు ఒక షరతు పెట్టారు. ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద మనిషితోనూ, అందరికన్నా పాత పనిమనిషితోనూ ఒక పూట కూర్చుని మాట్లాడాలి. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్ళు తెచ్చే సెక్షన్లలో గ్రౌండ్ లైన్ కింద పూడ్చిన బావులు, మూసిన వాగులు, పేరు చెప్పని సమాధులు ఉంటున్నాయి. ఈ మధ్య ఆ క్లాసుకు నన్ను కూడా అప్పుడప్పుడు పిలుస్తున్నారు.

నేను గియ్యలేకపోయింది ఒకటుంది. ఆ ఎండాకాలం చివరన, పాతర ఖాళీ చేస్తున్నన్నాళ్ళూ, మధ్యాహ్నం కాగానే జేజి తన చేత్తో ఏసమ్మకు కంచం నిండా అన్నం పెట్టి తీసుకువచ్చేది. జీవితంలో అంతకుముందు ఆమె ఏసమ్మకు తగలకుండా దూరం నుంచి ఎత్తి పోసిందే గానీ కంచంలో పెట్టలేదు. ఏసమ్మ రెండు చేతులా అందుకునేది. వసారాలో పెట్టుకుని, కొంగుతో ఈగలు తోలుతూ, దాని ముందు కూర్చునేది. పని పిలుపు వచ్చేదాకా కూర్చుని, లేచి, కంచం అట్లాగే తెచ్చి జేజి ముందు పెట్టేది.

"ఆకలిగా ల్యాదు పెద్దమ్మా."

మరునాడు మళ్ళీ జేజి పెట్టేది. మళ్ళీ ఏసమ్మ అందుకునేది. వానలు పడి, ఏసమ్మ తన పొలం పనికి వెళ్ళిపోయేదాకా ఒక్క మెతుకు ముట్టలేదు. జేజి ఒక్కరోజు పెట్టడం మానలేదు.

చదివినవాళ్ళను ఒకటి అడుగుతాను. మీ ఇల్లు కట్టేటప్పుడు గడ్డపారకు ఏం తగిలింది? తగిలినప్పుడు ఇంట్లో ఎవరు "చాలు" అన్నారు? ఆ మనిషి ఇంకా ఉంటే పోయి పక్కన కూర్చోండి, విన్నది నాకు రాయండి. ఏసమ్మ లాంటి మనిషి మీ పెరట్లో ఉంటే, ముందు ఆమెను అడిగి రాయండి.